చెరిపిన గుండ్లపేరు

అనగనగనగా, గోదారి పాయకి ఇవతల కొబ్బరితోటల్లో దాగిన ఒక ఊళ్ళో ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఉండేవారు. పెద్దది వరహాలు, నడిపిది సత్యవేణి, చిన్నది బుల్లెమ్మ. ఇటు తిరుగు బంగారూ, దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో, చెప్తా.

వాళ్ళమ్మకి ఒక గుండ్లపేరు ఉండేది. గుండ్లపేరంటే బంగారు గుండ్ల దండ. ఒక్కో గుండూ బఠాణీ గింజంత ఉంటుంది, లోపల డొల్ల. పళ్ళొచ్చేటప్పుడు పిల్లలకి చిగుళ్ళు దురద పెడతాయి కదా. అమ్మ ఒళ్ళో కూర్చుని ముందు వరహాలు ఒక గుండు కొరికింది. ఆ తర్వాత సత్యవేణి ఇంకోటి కొరికింది. ఆ తర్వాత బుల్లెమ్మ కూడా కొరికింది. మూడు గుండ్లకి మూడు సొట్టలు పడ్డాయి.

బుల్లెమ్మకి మాటలు రాకముందే అమ్మ పోయింది. వరహాలే చెల్లెలికి అన్నం తినిపించింది, జడ వేసింది. బుల్లెమ్మకి అమ్మ ముఖం గుర్తు లేదు. జ్వరమొచ్చినా, అక్క మీద అలిగినా, పెట్టె తీసి ఆ దండ ఒళ్ళో పెట్టుకునేది. తన సొట్ట ఎక్కడుందో వెతుక్కుని దాని మీద వేలు పెట్టేది. అప్పుడు ఏడుపు ఆగేది.

అలా ముగ్గురూ పెద్దవాళ్ళయ్యారు. సత్యవేణి పెళ్ళి చేసుకుని పక్కూరు వెళ్ళింది. బుల్లెమ్మకి ఎక్కడో దూరంగా మన్యంలో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. అప్పుడు వరహాలుకి ఒక ఆలోచన తట్టింది. దండ పెట్టెలో పడి ఉంటే ఎవరికి దక్కినట్టు? దాన్ని మూడు దండలు చేయిస్తే ఎవరి గుండు వాళ్ళ మెడలో ఉంటుంది కదా. చెల్లెళ్ళకి ముందుగా చెప్పలేదు. బుల్లెమ్మ బయల్దేరే రోజున చేతిలో పెట్టి, ఇద్దరి ముఖాలూ చూడాలని ముచ్చటపడింది.

ఆ తర్వాత దండని గుడ్డలో మూటకట్టుకుని, సంత జరిగే ఊళ్ళో కంసాలి వీరాచారి గారి కొట్టుకి వెళ్ళింది. ఆచారి గారు మంచివాడు, పనిమంతుడు. ఆ వేళకి అక్కడ బియ్యం మిల్లు వాళ్ళ కనకవల్లి గారు కూర్చుని ఉంది. ఆవిడ వంకీ అంటోంది, పట్టెడ అంటోంది, ఆచారి గారు ఏం అడిగినా ఇట్టే జవాబు చెబుతోంది. వరహాలు ఎన్నడూ నగ చేయించుకున్న మనిషి కాదు. ఆవిడ ముందు ఏమీ తెలియనిదానిలా కనపడటం చిన్నతనమనిపించింది.

ఇది ఒకటి మూడు చేయాలండీ, అక్కచెల్లెళ్ళం తలా ఒకటి వేసుకుంటాం అని చెప్పింది. సొట్టల మాట మాత్రం చెప్పలేదు. అప్పుడు ఆచారి గారు మూడు సంగతులు అడిగారు.

మొదట, గట్టివి చేయాలా, గుల్లవి చేయాలా అన్నారు. గుల్ల అంటే లోపల డొల్లగా ఉండేది, గట్టి అంటే నిండా బంగారం. వరహాలుకి గుల్ల అంటే పుచ్చుదేమో అనిపించింది. గట్టివే చేయండి అంది.

ఆ తర్వాత, కొలికి ఎలాంటిది పెట్టమంటావు అన్నారు. దండ రెండు కొసలూ కలిపి తగిలించే కొక్కెం ఉంటుంది చూడు, అదే కొలికి. వరహాలుకి కంటి కొలికి తప్ప ఇంకో కొలికి తెలియదు. మీకు నచ్చింది పెట్టండి అంది.

ఆ తర్వాత అసలు సంగతి అడిగారు. "అమ్మాయ్, దీన్ని చెరిపే చేయమంటావా?"

నువ్వు పలక మీద తప్పు రాస్తే చెరిపేస్తావు కదూ? వరహాలూ అలాగే అనుకుంది. దండకి ఇన్నేళ్ళ మురికి పట్టింది, ఆ నలుపు చెరిపేస్తారు కాబోలు అనుకుంది. కానీ తల్లీ, కంసాలి కొట్లో చెరపడమంటే నగని కరిగించేయడం. అంటే ఏమిటండీ అనే మాట వరహాలు నోటిదాకా వచ్చింది. పక్కకి చూస్తే కనకవల్లి గారు తననే చూస్తోంది.

"చెరిపే చేయండి," అంది వరహాలు. తెలిసినదానిలా తల కూడా ఊపింది.

మళ్ళీ వెళ్ళేసరికి మూడు గొలుసులు తళతళలాడుతున్నాయి. గట్టివి కదా, దారాల్లా సన్నగా వచ్చాయి. గుండు ఒక్కటీ లేదు. గుండ్లేవండీ అంటే, నువ్వే కదమ్మా చెరపమన్నావు అన్నారు ఆచారి గారు. అప్పుడు చెప్పింది వరహాలు, సొట్టల సంగతి. ఆయన చేతిలో పని కింద పెట్టేశారు.

"ఆ మాట ముందే చెబితే దారం విప్పి, గుండ్లు పంచి, మూడు దండలు గుచ్చి ఇచ్చేవాణ్ణి. నిప్పుతో పనే లేదు," అన్నారు. నేనైనా ఇంకోసారి అడగవలసింది అని చాలాసేపు బాధపడ్డారు.

బుల్లెమ్మ ప్రయాణం రోజు వచ్చింది. సత్యవేణి కూడా వచ్చింది. వరహాలు గొలుసులు ఇచ్చింది. సత్యవేణి వెంటనే మెడలో వేసుకుంది. బుల్లెమ్మ మాత్రం గొలుసంతా ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమింది.

"నా గుండు ఏదక్కా?"

వరహాలు ఏమీ దాచకుండా చెప్పింది. సత్యవేణి కిటికీ వైపు తిరిగి నిలబడింది. బుల్లెమ్మ కోప్పడి ఉంటే వరహాలుకి కాస్త తేలికయ్యేది. కోప్పడలేదు. కొలికి పెట్టమని మెడ అటు తిప్పింది. వరహాలు ఎంత తిప్పినా ఆ కొక్కెం పడలేదు.

అలా అటు తిరిగి ఉండగానే బుల్లెమ్మ అడిగింది, నేను కొరికినప్పుడు అమ్మ ఏమందని.

"ఏమీ అనలేదే. నవ్వింది," అంది వరహాలు.

ఆ తర్వాత బస్సు వెళ్ళిపోయింది. మరుసటి సంతకి వరహాలు కాళ్ళు వాటంతటవే ఆచారి గారి కొట్టుకి నడిచాయి. ఒక్కో మాటకీ అర్థమేమిటో చెప్పమని అడిగి తెలుసుకుంది. కనకవల్లి గారు ఆ రోజూ అక్కడే ఉంది. సంగతంతా విని వరహాలు చెయ్యి పట్టుకుంది.

"ఆ మాట నాకూ మొదట్లో తెలియదమ్మాయ్. అడిగి ఉంటే నేనే చెప్పేదాన్ని కదా," అంది.

చెల్లెళ్ళ ముందు బిగబట్టుకున్న ఏడుపు వరహాలుకి అప్పుడు వచ్చింది. ఎవరి ముందు చిన్నబోకూడదనుకుందో, ఆవిడ ముందే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కథ కంచి బాట పట్టింది,
కునుకు కంటి రెప్ప తట్టింది.
మనమూ ఇంటికి చేరుదాం,
మెల్లగా నిద్దట్లోకి జారుదాం.