హారను తీగ తెంపిందెవరు

కాలువ తవ్వకంలో పొక్లెయిన్ నడిపే పీరయ్యకు వారం నుంచి నిద్ర లేదు. అతను బండి వెనక్కి తీస్తుండగా గొలుసుచక్రం కింద పడి కూలీ తిరపతయ్య పాదం నలిగిపోయింది. వెనక్కి వెళ్లేటప్పుడు మోగాల్సిన హారను మోగలేదు. చూస్తే తీగ తెంపి ఉంది.

హారను చెవుల్లో పోరు పెడుతోందని తీగ తెంపెయ్యడం అక్కడివాళ్లకు అలవాటే. కానీ ఈ తీగ తెంపిందెవరు? ఇద్దరు మాట్లాడుకుంటుంటే చాలు, తన గురించేననిపిస్తోంది పీరయ్యకు. అందరికంటే ఎక్కువ అనుమానం మెకానిక్ దానియేలు మీద. తెంపినవాడి పేరు చెబితే సాయంత్రానికల్లా వాణ్ణి పనిలోంచి తీసేస్తానన్నాడు ఇంజనీరు.

పీరయ్య గురువు జమాల్ షా అనే ఫకీరు. సంగతి విని కాలువగట్టుకు వచ్చాడు.

"ఆ దానియేలే బాబా. నా మొహంలోకి చూడ్డం లేదు," అన్నాడు పీరయ్య. "ఇదిగో, ఎప్పుడూ లేంది ఇవాళ టీ పంపించాడు. నేను ముట్టలేదు. ఏం కలిపాడో."

ఫకీరు ఆ గ్లాసు అందుకుని తాగేశాడు.

"చక్కెర కలిపాడు. కాస్త ఎక్కువే." గ్లాసు కింద పెట్టాడు. "బండెక్కు నాయనా. నేనా మట్టికుప్ప దగ్గర నిలబడతాను. కొంచెం వెనక్కి తియ్యి, చూస్తా."

పీరయ్య ఎక్కి ఇంజను స్టార్ట్ చేశాడు. లివరు మీద చెయ్యి వేసి, బాబా ఎక్కడున్నాడా అని చూశాడు. మట్టికుప్ప దగ్గర లేడు. అద్దంలోనూ లేడు.

"బాబా," అని పిలిచాడు. పలుకు లేదు.

ఇంజను ఆపేసి, గబగబా దిగి, బండి చుట్టూ వచ్చాడు. వెనకవైపు, గొలుసుచక్రానికి ఆనుకుని నీడలో కూర్చున్నాడు ఫకీరు. తస్బీ పూసలు తిప్పుకుంటున్నాడు.

"ఇదేం పని బాబా? కదిపి ఉంటే?"

"హారను ఇంకా బాగు చెయ్యలేదుగా. నేనిక్కడున్నానని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అనుమానం వచ్చింది."

"ఆ రోజు రాలేదా?"

పీరయ్య వంగి గొలుసుచక్రం కిందికి చూశాడు.

అంతలో ఇంజనీరు జీపు వచ్చి ఆగింది. "ఏమయ్యా, ఎవరి పేరు రాసుకోమంటావు?"

"తీగ ఎవరు తెంపారో నాకు తెలీదు సార్," అన్నాడు పీరయ్య. "దిగి చూడంది మాత్రం నేను."