రాజుగారి నులక మంచం

అనగనగా ఏటి ఒడ్డున ఓ పేట. గుడికింకా గంట లేని రోజులవి. చెట్టుకొమ్మకి వేలాడే ఇనప పట్టాని రాయితో కొడితే అదే ప్రార్థనకి పిలుపు. ఆ పేటలో గిద్యోనని ఓ ముసలాయన ఉండేవాడు. నులక పేనడం, మంచాలు అల్లడం ఆయన పని. పెళ్లాం పోయింది, పిల్లల్లేరు. ఆయనకున్నవల్లా ఒక గుడిసె, ఒక చిక్కుడు పాదు, ఒక మంచం.

ఆ పాదుని ఒకనాడు పక్కింటి జక్కరయ్య మేక మొదలంటా మేసేసింది. అంతే, ఇద్దరికీ మాటల్లేవు. జక్కరయ్య తుమ్మితే గిద్యోను తలుపేసుకునేవాడు.

ఓ ఆదివారం పొరుగూరి నుంచి ఒక అయ్యగారొచ్చి ప్రసంగం చేశారు.

"క్రీస్తు రాజు. రాజు ఇంటికొస్తే మూల నిలబెడతారా? మీరెక్కి కూర్చున్న చోటు దిగండి. అది ఆయనకివ్వండి" అన్నారు.

అందరూ "ఆమేన్" అన్నారు. ఇళ్లకెళ్లి పప్పన్నం తిని నిద్రపోయారు. గిద్యోను మాత్రం మంచం కడిగాడు, ఎండబెట్టాడు, ఉతికిన దుప్పటి పరిచాడు. తను చాప మీదకి దిగాడు.

మొదట మునసబుగారు వచ్చారు, మంచం అల్లించుకుందామని. కూర్చోబోయారు.

"కూర్చోకండి బాబూ. మంచం నాది కాదు, రాజుగారిది."

"ఏ రాజుగారురా?"

"పైనున్నాయన."

మునసబుగారు కప్పుకేసి చూశారు. బల్లి తప్ప ఎవరూ కనబడలేదు. నిలబడే మాట్లాడి వెళ్లిపోయారు.

తర్వాత ఆ ప్రసంగం చేసిన అయ్యగారే వచ్చారు. నడిచి నడిచి కాళ్లు పీకుతున్నాయి పాపం.

"కూర్చోకండి అయ్యగారూ. మంచం నాది కాదు, రాజుగారిది."

"ఆ మాట చెప్పింది నేనేగదయ్యా?"

"మీరు చెప్పబట్టేగా."

అయ్యగారు నవ్వుకుంటూ చాప మీద చతికిలబడ్డారు. గిద్యోనుకి లోలోపల గర్వమే. రాజుగారి మంచానికి కాపలా కదా. ఆ రోజు నుంచి తలపాగా కాస్త పెద్దది చుట్టడం మొదలెట్టాడు.

మూడోసారి వచ్చింది మనిషి కాదు, గాలివాన. జక్కరయ్య ఇంటి కప్పు కూలి వాడి నడుం మీద పడింది. పాక్కుంటూ పాక్కుంటూ వచ్చి గిద్యోను గుమ్మంలో పడ్డాడు. గుడిసెలో చీలమండల్లోతు నీళ్లు. చాప తేలుతోంది. పొడిగా ఉన్నది మంచమొక్కటే.

"కాస్త మంచమెక్కించరా, చచ్చిపోయేలా ఉన్నాను" అన్నాడు జక్కరయ్య.

"మంచం నాది కాదు, రాజుగారిది."

జక్కరయ్య నీళ్లలోంచి తలెత్తాడు.

"నీది కానప్పుడు, వద్దనడానికి నువ్వెవడివిరా?"

గిద్యోను మంచం కేసి చూశాడు. మునసబుని ఆపింది తను. అయ్యగారిని ఆపింది తను. రాజుగారు ఏనాడూ ఎవర్నీ వద్దనలేదు. మనిషిని నీళ్లలో ఇలాగే వదిలేస్తే పోతాడని తెలుసు. అయినా ఆ చిక్కుడు పాదే కళ్లముందు ఆడుతోంది. తన మీద తనకే సిగ్గేసి, ముసలాయనకి ఏడుపొచ్చింది.

"రాజా, మంచం దిగాను గానీ పెత్తనం దిగలేదయ్యా" అన్నాడు.

అని, జక్కరయ్యని రెండు చేతులా ఎత్తి దుప్పటి మీద పడుకోబెట్టాడు. వాన తగ్గేదాకా నీళ్లలోనే నిలబడ్డాడు.

"నువ్వూ ఎక్కరా" అన్నాడు జక్కరయ్య.

"ఇద్దర్నీ మోయదు. నా అల్లిక సంగతి నాకు తెలుసు."

జక్కరయ్య లేచి తిరిగేదాకా గంజి పోసింది గిద్యోనే. లేచాక జక్కరయ్య చేసిన మొదటి పని చిక్కుడు గింజలు తెచ్చి పాతడం. రెండో పని మేకని కట్టేయడం.

అప్పట్నుంచి ఆ మంచం ఎవరొస్తే వాళ్లది. గిద్యోను మాత్రం బతికున్నన్నాళ్లూ ఎక్కలేదు. ఆయన పోయినప్పుడు పేటంతా కలిసి ఆ మంచం మీదే సమాధుల దొడ్డికి మోసుకెళ్లారు. తలవైపు పట్టింది జక్కరయ్య, ఆ నొప్పి నడుంతోనే.

"ఇప్పుడైనా పడుకోరా. రాజుగారే ఎక్కించుకున్నారు" అంటూ దారిపొడుగునా ఏడ్చాడు.

ఇప్పటికీ ఆ పేటలో ప్రతి గుమ్మం ముందూ ఒక ఖాళీ మంచం ఉంటుంది. గాజులమ్మేవాడొచ్చినా, పడనివాడొచ్చినా, నువ్వెవరివని అడగరు. గుళ్లో ఎవరైనా మరీ విర్రవీగితే వెనక వరసలోంచి ఏ ముసలమ్మో మెల్లిగా అడుగుతుంది:

"అబ్బాయ్, మంచమైతే దిగావు. మరి పెత్తనం ఎప్పుడు దిగుతావు?"