లోగన్ దొర అరిచిన మాట

కొండలుకి అన్నం సయించడం మానేసి చాన్నాళ్లయింది. పడుకున్నా లేచినా చెవిలో ఒకటే మాట. స్కెడాడిల్.

అతను రైలింజను మీద బొగ్గేసేవాడు. డ్రైవరు లోగన్ దొర. ఒకనాడు బండి మంచి పరుగు మీదుండగా ఆవిరి గొట్టం పగిలింది. దొర బ్రేకు పట్టుకునే ఉండి, కొండలు వంక తిరిగి ఆ మాట అరిచాడు. కొండలు దూకేశాడు. దొర బ్రేకు వదల్లేదు. బండి ఆగింది. పెట్టెల్లో జనం అంతా బతికారు. దొర మాత్రం నిలువునా ఉడికిపోయాడు.

ఆ మాటకి అర్థమేందని కొండలు అడగనివాడు లేడు.

"పారిపొమ్మని నాయనా," అన్నాడు చర్చి ఫాదరు.

టికెట్ల గుమాస్తా నవ్వాడు. "పారిపోతున్నావురా అని ఎక్కిరించినా అదే మాట లేవోయ్. ఎప్పుడో ఏదో యుద్ధంలో కాళ్లకు బుద్ధి చెప్పిన సిపాయిల్ని అట్లాగే అన్నారంట."

పొమ్మన్నాడా, పోతున్నావా అన్నాడా? ఆ రెంటి మధ్యా పడి నలిగి నలిగి, ఉద్యోగం వదిలేసి దస్తగిరి బాబా గుడిసె చేరాడు. ఫకీరు కాకముందు బాబా తెల్లదొరల బంగళాలో వంట చేసేవాడు. కొండలు గుడిసె ఊడ్చాడు, నీళ్లు మోశాడు, బాబా నోటి వంక చూస్తూ కూర్చున్నాడు. బాబా ఏమీ చెప్పడే! ఒక పొద్దున ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"బాబా, ఆ మాట అసలెక్కడ పుట్టింది? మొదట్లో అర్థమేంది?"

"దేనికిరా నీకు?"

"దొర నన్ను కాపాడాడో, ఛీకొట్టి పోయాడో తెలియాల. తెలిస్తే బతుకుతా. లేదంటే చస్తా. ఇట్లా మాత్రం ఉండలేను."

బాబా మేక దగ్గర కూర్చుని పాలు పితుకుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఎక్కడ పుట్టిందో దొరలే తలా ఒకటి చెప్తారు. మా దొరసానిది చలిదేశం. వాళ్లవైపు, పాలు తెచ్చేవాడు దారంతా ఒలకబోసుకుంటా వస్తే ఆ మాటనేవాళ్లంట."

చెంబు అంచుదాకా నింపి చేతిలో పెట్టాడు.

"మీ దొర పెళ్లాం లోగనమ్మకి ఇచ్చిరా."

దొర పోయాక కొండలు ఆ వీధివైపు తొంగిచూసినవాడు కాదు.

"ఆ గడప నేను తొక్కలేను బాబా."

"తొక్కమన్నానా? బయటే నిలబడు."

బయల్దేరాడు. అడుగడుక్కీ పాలు కాళ్ల మీద పడుతున్నాయి. పంపు దగ్గర ఆడవాళ్లు చూశారు.

"ఏం కొండలూ, చెంబులోంచి కూడా దూకుతున్నాయే పాలు! నీ చేతి మహిమా?"

తల దించుకుని పోయాడు.

తలుపు తీసింది లోగనమ్మ. నల్లగౌను, దువ్వని జుట్టు. చెంబులోకి చూసింది.

"సగమే ఉంది."

"ఒలికిపోయినాయమ్మా."

తడిసిన అతని కాళ్ల వంక చూసింది.

"నువ్వేనా కొండలు?"

"నేనేనమ్మా."

"ఎన్నాళ్లకి వచ్చావు! ఆఖర్న నువ్వేగా పక్కనున్నది. ఏమన్నాడు ఆయన?"

కొండలు ఆ మాట చెప్పాడు.

ఆమె ఇంకా చూస్తూనే ఉంది.

"తర్వాత?"

"అంతేనమ్మా."

"నన్ను గురించి ఏమీ అనలేదా?"

అన్నాడని చెప్పొచ్చు. నోట్లోకి వచ్చింది కూడా. చెప్పలేకపోయాడు.

"ఆ తర్వాత నేను అక్కడ లేనమ్మా."

ఆమె పాలు గిన్నెలో వంచుకుని, చెంబు తిరిగిచ్చి తలుపు వేసుకుంది. లోపల ఏడుపేమీ వినపడలేదు. వినపడితే బాగుండుననుకున్నాడు కొండలు.

గుడిసె దగ్గర బాబా అడిగాడు.

"అర్థం తెలిసిందా?"

కొండలు చెంబు తోమి, కడిగి, మేక పక్కన బోర్లించాడు.

"రేపు కాస్త వెలితిగా పొయ్యి బాబా. ఆమెదాకా చేరాల."