మౌలాలి బరువుకు తాత మందు

మౌలాలి బరువు మౌలాలికే మోయరానిదైంది.

గుట్ట మీద దర్గా. గుట్ట కింద తకియా. అందులో జమాలప్ప తాత అనే ఫకీరు, ఆయన శిష్యులు ఉంటారు. ఏటా ఉరుసు నాడు గంధం కుండను తలమీద పెట్టుకుని పైకి మోసేది ఆ శిష్యుల్లో ఒకడే. కుండ ఒకసారి తలకెక్కిందంటే పైదాకా నేల తాకకూడదు. అందుకని పొరుగూరి మనిషి ఒకడు వెనకే నడుస్తాడు. ముందువాడు ఓడితే అందుకోవాల గదా.

పోయినేడు మౌలాలి సగం గుట్టకే చతికిలబడ్డాడు. వెనకున్న ఇమామప్ప కుండ అందుకుని పైకి చేర్చాడు. చేర్చినవాడు చేర్చినట్టు ఊరుకున్నాడా అంటే, లేదు. సంతలో అదే మాట, పెళ్ళిళ్ళలో అదే మాట.

"ఆ తకియావాళ్ళు గంధం మొయ్యాలంటే ముందు మౌలాలిని మొయ్యాలప్పా!"

ఓడినవాడే మళ్ళీ మోయాలని, ఈసారి కూడా ఓడితే గంధం హక్కు పొరుగూరికే ఇచ్చేస్తామని పెద్దలు తేల్చి చెప్పారు. తాతల కాలం నుంచి వచ్చిన హక్కు, ఒక మనిషి పొట్ట వల్ల పోయేటట్టుంది.

మౌలాలి ఊరికే కూర్చోలేదు. తోటి శిష్యుడు సిలార్ సాబు ఒంటరిగా గదిలో ఉండి, పూటకో రొట్టె తిని, మాటామంతీ లేకుండా చువ్వలాగా అయినాడు. మౌలాలి కూడా గది తలుపేసుకున్నాడు. బయట యాత్రికుల మాటలు వినపడేసరికి ప్రాణం ఆగలేదు. పోయి వాళ్ళ నడుమ కూర్చున్నాడు. వాళ్ళు మూట విప్పారు. తిన్నాడు.

తరువాత కుస్తీవాళ్ళ తాలింఖానాకు పోయి దండీలు తీశాడు, బస్కీలు తీశాడు. ఆకలి రెండింతలైంది.

హకీము గుప్పెడు ఉడికిన ఉలవలే తినమన్నాడు. ఆ గుప్పెడు తీసుకుని, తకియాలో వచ్చినవాళ్ళందరికీ పెట్టే బంతిలో కూర్చుంటే, వడ్డించే మదారమ్మ మొహం చిన్నబుచ్చుకుంది.

"ఏం నాయనా, మా చేతి సంగటి చేదైందా నీకు?"

ఉలవలూ తిన్నాడు, సంగటీ తిన్నాడు.

చివరికి తాత దగ్గరకు పోయి కూలబడ్డాడు.

"తాతా, ఈ మూడింట్లో ఏది మంచిదో చెప్పు. ప్రాణం పోయినా అదే పట్టుకుంటా."

"మూడూ మంచివే. సిలారు చిక్కలేదా?"

"చిక్కినాడు."

"మరింకేం?"

"నాకే పని చెయ్యలేదు తాతా. నేనే పనికిమాలినోణ్ణి."

ఆ పూట బంతిలో తాత మౌలాలి పక్కన తన చాప వేయించుకున్నాడు.

విస్తళ్ళు పడ్డాయి. సంగటి వచ్చింది, పప్పు వచ్చింది, వంకాయ పులుసు వచ్చింది. మదారమ్మ రెండోసారి వచ్చి వంగింది. "ఇంకొంచెం నాయనా." మౌలాలి విస్తరి ముందుకు జరిపాడు. మూడోసారి బెల్లం మలీదా తెచ్చింది. "మా మనవరాలు మొక్కుకున్నది, వద్దనకు." మౌలాలి మళ్ళీ జరిపాడు. అటుపక్క ముసలాయన తన ముద్ద కూడా తీసి మౌలాలి విస్తట్లో వేశాడు. దానికీ సలాం చేసి తిన్నాడు.

"ఆకలి ఎప్పుడు తీరింది?" అని తాత అడిగాడు.

"మొదటి వడ్డనకే తాతా."

"మరి?"

"అంత ప్రేమగా అడిగితే ఎట్లా వద్దనేది? నాకు నోరు రాదు."

తాత లేచాడు. మదారమ్మ చేతిలోని పప్పు బొక్కెన, గరిటె తీసుకున్నాడు. తెచ్చి మౌలాలి చేతిలో పెట్టాడు.

"రేపట్నుంచి నువ్వు అడుగు."

అంతే. సిలార్ సాబుకు నవ్వొచ్చింది. "మందు అడిగితే చాకిరీ ఇచ్చినాడు తాత" అన్నాడు.

మౌలాలికి మాత్రం ఆ చాకిరీ పండగలాగుంది. బంతి ఆ కొస నుంచి ఈ కొసకు, ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగేవాడు. వంగేవాడు, లేచేవాడు. "అన్నా, విస్తరి బోసిగా ఉందే! అక్కా, పులుసు ఎవరికి దాస్తున్నావు?" వాడి మాటలు వినడానికే జనం ఎక్కువైనారు. బంతి మీద బంతి లేచింది.

తకియాలో వడ్డించినవాడు అందరూ లేచినాకే తినాలి. మౌలాలి విస్తరి వేసుకునేసరికి ఎదురుగా మనిషి ఉండేవాడు కాదు. ఇంకొంచెం అనేవాళ్ళు లేరు. ఆకలి ఎంతంటే అంత తిని లేచేవాడు.

చలికాలం పోయి ఎండలు ముదిరేసరికి వాడి లుంగీ నడుము మీద నిలవడం మానేసింది.

ఉరుసు వచ్చింది. గంధం కుండ మౌలాలి తలకెక్కింది. ఇమామప్ప వెనక నిలబడ్డాడు. డప్పులు మోగాయి. పొరుగూరివాళ్ళంతా పోయినేడు వాడు పడిన మలుపు దగ్గరే గుంపుగా కాచుకున్నారు, ఆ వేడుక మళ్ళీ చూద్దామని.

మౌలాలి మలుపు దాటాడు. దాటినట్టు కూడా కనపడలేదు. డప్పుల కంటే ముందు పోతున్నాడు. వెనక ఇమామప్ప రొప్పుతున్నాడు. ఏడాదిలో వాడికీ పొట్ట వచ్చింది, ఎవరూ గమనించలేదు.

మౌలాలి కుండ కదలకుండా వెనక్కి తిరిగాడు.

"ఏమన్నా, నిన్నూ ఎత్తుకోవాల్నా?"

గుట్టంతా నవ్వింది. పొరుగూరివాళ్ళు కూడా నవ్వారు, ఆపుకోలేక. కాసేపటికి గంధం సమాధికి పూశారు. మన తకియా హక్కు మన తకియాకే నిలిచింది.

అందరికంటే వెనక ఇమామప్ప వచ్చి, జమాలప్ప తాత కూర్చున్న మెట్టు కింద కూలబడ్డాడు. తాత ఏడాదంతా పడ్డ మాటలు మరిచిపోయే మనిషి కాదు. ఏమంటాడో అని అందరూ చెవులు రిక్కించారు.

"తాతా, తప్పుగా మాట్లాడినా. వీడికి పెట్టిన మందేదో నాకూ పెట్టు" అన్నాడు ఇమామప్ప.

తాత నోరు తెరిచేలోపే మౌలాలి రొమ్ము విరుచుకుని అందుకున్నాడు. "నేను చెప్తా విను. గరిటె పట్టు. అందరికీ వడ్డించు, ఆఖర్న తిను. ఎవరికైనా ఇదే మందు!"

తాత చెయ్యెత్తి వాణ్ణి ఆపాడు.

"ఇమామప్పా, నువ్వు ఎక్కడ తింటావు?"

"చేన్లో, గుడిసెలో. నేనొక్కణ్ణే."

"ఎంత?"

"సట్టి అడుగు కనపడిందాకా."

"నలుగురిలో అయితే?"

ఇమామప్ప తల దించుకున్నాడు. "నలుగురు చూస్తా ఉంటే నాకు ముద్ద దిగదు తాతా. సిగ్గు."

తాత గడ్డం నిమురుకున్నాడు.

"అట్లయితే రేపట్నుంచి వచ్చి మా బంతిలో కూర్చుని తిను."

మౌలాలి ఏదో అనబోయాడు. తాత మొహం చూశాడు. తెరిచిన నోరు మెల్లగా మూసుకున్నాడు.