మధ్యలో వచ్చినవాడు

కోటిలింగం మాస్టారు కథ వినేటప్పుడు చెప్పేవాడి ముఖం చూడరు. వీధివైపు తిరిగి కూర్చుని వింటారు. ముఖం చూస్తే కథలో లేనిది కూడా ఉన్నట్టు కనిపిస్తుందని ఆయన అనుమానం. నాటకాలకీ ఆ తర్వాత సినిమాలకీ నలభై ఏళ్ళు రాసి, చీరాలలో నేతగాళ్ళ వీధికి తిరిగొచ్చేసినా ఆ అలవాటు పోలేదు.

ఒక మధ్యాహ్నం శిష్యుడు దయాకర్ హైదరాబాదు నుంచి వచ్చి ఆయన వీపుకు కథ చెప్పాడు. ఆకాశంలో ఎగిరే వీరుడి మీద సినిమాలు రెండు వచ్చాయి, రెండూ దయాకర్ రాసినవే. రెండింటిలోనూ వీరుడికి చప్పట్లు కొట్టిన జనం విలన్ని చూసి నవ్వుకున్నారు. మూడోదాని కథ మర్నాడే నిర్మాతకీ హీరోకీ వినిపించాలి. ఈసారి కూడా విలన్ తేలిపోతే వేరే రచయితను పెట్టుకుంటామని వాళ్ళు మొహమాటం లేకుండా చెప్పేశారు.

కొత్త విలన్ పేరు ప్రళయ్. ఆనకట్ట పగలగొట్టి నగరాన్ని ముంచాలని చూస్తాడు. వాడి మాటలు వచ్చినప్పుడల్లా దయాకర్ గొంతు బొంగురు చేశాడు. రెండుసార్లు పొడుగ్గా నవ్వాడు కూడా.

"ఆ నవ్వెందుకురా?" అని మాస్టారు వీధివైపు చూస్తూనే అడిగారు.

విలన్ కదా మాస్టారూ, అన్నాడు దయాకర్. అనేశాక ఆ మాట తనకే చాలలేదు. అసలు తను వచ్చిందే అందుకని ఒప్పుకున్నాడు. జనం ఇంటికెళ్ళాక కూడా మర్చిపోలేని విలన్ని రాయడం ఎట్లా?

మాస్టారు, పక్కింటి అరుగు మీద రాట్నం తిప్పుతూ మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటున్న శేషారత్నాన్ని కేకేసి, మావాడు కథ చెబుతాడు, వింటావా అని అడిగారు. చేతులకే పని, చెవులు ఖాళీగానే ఉన్నాయి, చెప్పమనండి అందావిడ. దయాకర్‌కి మాత్రం షరతు పెట్టారు. కథ ప్రళయ్‌దిగా చెప్పాలి, చిన్నప్పటి నుంచి. వీరుడి ఊసు చివరిదాకా ఎత్తకూడదు. గొంతు మార్చకూడదు.

దయాకర్ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు. ఆనకట్ట ఎందుకు పగలగొట్టాలి? మూడు నెలలుగా రాస్తున్నాడు కానీ ఆ ప్రశ్న వేసుకున్నది లేదు. ఎదురుగా శేషారత్నం చూస్తోంది. తోచిందల్లా చెప్పుకుపోయాడు. ఆ ఆనకట్ట వెనక నీళ్ళ అడుగున ప్రళయ్ ఊరుంది. వాడికి పదేళ్ళప్పుడు మునిగింది. పెద్దవాడై, ఊరికి దగ్గరగా ఉంటుందని అక్కడే గేట్లు ఎత్తి దించే ఉద్యోగంలో చేరాడు. ఎండలు బాగా ముదిరిన ఏడు నీళ్ళు తగ్గి ఊరు మూడు రోజులు బయటపడుతుంది. వాడు సెలవు పెట్టి, బురదలో నడిచి వెళ్ళి, తమ ఇంటి గడప మీద కూర్చుని సద్దన్నం తిని వస్తాడు. నాలుగో రోజు నగరానికి నీళ్ళు కావాలని ఎగువ నుంచి వదులుతారు, గడప మళ్ళీ మునుగుతుంది. ఆ నాలుగో రోజు ఇప్పించమని ఇరవై ఏళ్ళు అర్జీలు పెట్టాడు. ఒక్కదానికీ జవాబు లేదు.

సద్దన్నంలోకి ఏం పట్టుకెళ్ళేవాడని శేషారత్నం అడిగింది. మాగాయ అని దయాకర్ తడుముకోకుండా చెప్పాడు. రాట్నం ఎప్పుడు ఆగిపోయిందో అతను గమనించలేదు.

ప్రళయ్ ఆనకట్టకు మందుగుండు పెట్టాడు. అప్పుడు ఆకాశం నుంచి వీరుడు దిగాడు.

"మధ్యలో వీడెవడయ్యా?" అంది శేషారత్నం చిరాగ్గా.

నగరంలో లక్షల మంది ఉన్నారనీ, వాళ్ళను కాపాడటానికి వచ్చాడనీ దయాకర్ నచ్చజెప్పాడు. వీరుడు ఒక్క గుద్దు గుద్దాడు, ప్రళయ్ ఎగిరి నీళ్ళలో పడ్డాడు, కథ అయిపోయింది.

"ఒక్క గుద్దుకు పోయేవాడైతే ఇందాకటి నుంచీ నేనెందుకు విన్నాను?" అని ఆవిడ రాట్నం అందుకుంది.

మర్నాడు కథ వినిపించే గదిలో నిర్మాత లేచిపోతూ కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు దయాకర్‌కి అప్పుడే వినిపించినట్టయింది. ఆగండి పిన్నిగారూ, అని ఆ గుద్దు తీసేశాడు.

మందుగుండు పేలింది. ఆనకట్ట పగిలింది. వీరుడు పగులుకు వీపు ఆనించి నిలబడ్డాడు. కొండలు ఎత్తినవాడికి మోకాళ్ళు వంగిపోతున్నాయి. నీళ్ళ దారిలో మొదట మునిగేది నగరం కాదు, మునిగిన ఆ ఊరివాళ్ళకే ప్రభుత్వం ఇళ్ళిచ్చిన కాలనీ. కొండెక్కమని ప్రళయ్ ముందే ఇంటింటికీ తిరిగి చెప్పాడు. అర్జీల పిచ్చివాడి మాట ఎవరు వింటారు? అందరూ ఇళ్ళలోనే ఉన్నారు. పగులు ముందున్న పెద్ద గేటు దించితే నీళ్ళు ఆగుతాయి, దాన్ని దించే చక్రం తిప్పడం ప్రళయ్ ఒక్కడికే తెలుసు. కానీ అవతల నీళ్ళు తగ్గి అప్పుడే తమ ఇంటి గోడ తేలుతోంది. దించితే అదీ మళ్ళీ మునుగుతుంది, ఇట్లాంటి అవకాశం ఇక రాదు. నా వల్ల కావడం లేదు, నీకే తెలుసు, అని వీరుడు వాణ్ణి అడిగాడు. ప్రళయ్ గోడవైపు చూశాడు, కాలనీవైపు చూశాడు, తన చేత్తోనే చక్రం తిప్పాడు. అది దిగేదాకా వీరుడు వీపు తీయలేదు.

శేషారత్నం కొంగుతో ముక్కు తుడుచుకుని, పోనీలే, ఇట్లా ఓడిపోతే సరే అంది. "ఇంతకీ ఆ వీపు పెట్టినవాడి పేరేమిటన్నావు?"

మర్నాడు హైదరాబాదులో దయాకర్ గొంతు మార్చకుండా అదే కథ చెప్పాడు. నిర్మాత కుర్చీ కదల్లేదు. హీరో సగంలోనే లేచి పచార్లు మొదలుపెట్టాడు. సాయంత్రానికి షూటింగు తేదీ ఖాయమైంది, రచయిత మారలేదు. దయాకర్ మాస్టారికి ఫోను చేసి, విలన్ నిలబడ్డాడని సంబరంగా చెప్పాడు. ఒక్కటే విచిత్రం మాస్టారూ, అన్నాడు. ఈసారి వీరుడి గురించి తను పెద్దగా ఆలోచించనే లేదు, ఆ హీరోగారు మాత్రం తన జన్మలో ఇంత పెద్ద వేషం వినలేదంటున్నాడు.

"మరి నువ్వు పెంచింది ఎవణ్ణనుకున్నావురా?" అన్నారు మాస్టారు.