బడేసా ట్రాలీ కొక్కెం

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మనం ఉంటున్న ఈ ఊళ్లో దీన్ని చెప్పేవాళ్లు ఎవరూ లేరు, అందుకని నేనే చెబుతున్నాను. మా నాన్న నాకు చెప్పినంతే చెబుతాను. ఆయన చెప్పనిది కలపను.

మన సొంతూరి వైపు నాపరాళ్ల గనుల మధ్య ఒక చిన్న దర్గా ఉండేది. అందులో ఒక ఫకీరు. మండే ఎండల్లో కూడా కంబళి కప్పుకునేవాడు కాబట్టి అందరూ ఆయన్ను కంబళి తాత అనేవారు. పొద్దున్నే రాగి అంబలి కాయించి, గనుల్లో రాళ్లు కొట్టేవాళ్లకు పంపేవాడు.

ఆయన శిష్యుడు బడేసా. వెల్డింగు పని చేసేవాడు. అంబలి బానలు తలల మీద మోస్తుంటే చూడలేక, పాత మోటారు సైకిలు వెనక కట్టడానికి ఒక ట్రాలీ తయారుచేశాడు. రెండు చక్రాలు, పైన రేకు తొట్టి. బండినీ ట్రాలీనీ కలిపే కొక్కెం కూడా తనే ఆలోచించి చేశాడు. మామూలు కొక్కెమైతే గడగడలాడుతుంది, అంబలి తొణుకుతుంది. అందుకని సందు లేకుండా బిగించాడు. ట్రాలీ కుడికీ ఎడమకీ తిరుగుతుంది, అంతే. ఇంకే వైపుకూ వెంట్రుకవాసి కదలదు.

"చప్పుడొస్తే నా పేరు మార్చుకుంటా" అనేవాడు బడేసా.

ఆ బండి నడిపేది ఓబులేసు. గనిలో కూలి. పనిలోకి దిగేముందు తాత కోసం ఈ పని చేసేవాడు.

"అన్నా, మలుపులో నీ ట్రాలీ బండిని వాలనీదు. ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు ఉంటాది. కొంచెం వదులు చెయ్యన్నా" అని ఒకసారి అడిగాడు.

"వదులు చేసుకోవాల్సింది నీ చేతులప్పా. బిర్రుగా పట్టుకోవాక" అన్నాడు బడేసా.

ఒక పొద్దున గని దిగే మలుపులో బండి పల్టీ కొట్టింది. ఓబులేసు కాలు తొట్టి కింద పడి ఎముక విరిగింది. అంబలంతా నేలపాలైంది. బడేసా పరుగెత్తుకొచ్చి ముందు కొక్కెం చూశాడు. అది విరగలేదు, వంగలేదు.

"చూడండప్పా, నా కొక్కెం చెక్కు చెదరలే. తాగి నడిపినాడు ఈయప్ప" అన్నాడు, అందరూ వినేలా.

ఓబులేసు సాయంత్రాలు అప్పుడప్పుడూ తాగుతాడని అందరికీ తెలుసు. కాబట్టి అందరూ నమ్మారు.

"తాగలేదురా నాయనా!" అని కిందినుంచే అరిచాడు ఓబులేసు.

"తాగినోడు అనే మాటే అది" అన్నారెవరో. నవ్వారు. తాగుబోతుకు పని లేదు పొమ్మన్నాడు గని మేస్త్రీ.

మూడోనాటి పొద్దున బడేసా దర్గాకు వచ్చి, "తాతా, ఈసారి తాగనోణ్ణి చూసి పెట్టు" అన్నాడు.

తాత కొక్కెం చూపించమనలేదు. "పద, ఆ మలుపు చూసొద్దాం" అని లేచాడు.

గని తవ్వి పోసిన రాళ్ల గుట్ట మీదుగా దిగుతున్నారు. తాత బడేసా చేతిని తన రెండు చేతులతో పట్టుకుని చంకలో బిగించాడు. కుడి చెయ్యో, ఎడమ చెయ్యో, నాన్న చెప్పాడు గానీ నాకు గుర్తులేదు. కాళ్ల కింద పలకరాళ్లు జారుతున్నాయి. బడేసా ఒక పక్కకి ఒరగబోతే తాత ఒరగనివ్వలేదు. తను నిటారుగా నిలబడ్డాడు. ఇంకో అడుగు వేసేసరికి బడేసా మోకాళ్ల మీద పడ్డాడు. అరచెయ్యి చీరుకుపోయింది.

"ఏమప్పా, పొద్దున్నే తాగినావా?" అన్నాడు తాత.

"తాగేదేంది తాతా! నువ్వు నన్ను వాలనిస్తివా?"

ఆ మాట అన్నాక బడేసాకు ఓబులేసు అడిగిన వదులు గుర్తొచ్చింది.

"తప్పు నాదే తాతా" అన్నాడు. "కొక్కెం మారుస్తా. బండి వాలితే మెలి తిరిగేట్టు చేస్తా."

"తాగినాడని ఎవరికి చెప్పినావు?"

"గనిలో అందరికీ."

"తప్పు నాదని ఎవరికి చెప్తా ఉండావు?"

బడేసా లేచి, ఆ రక్తం చేత్తోనే గనిలోకి వెళ్లాడు. రాళ్లు కొట్టేవాళ్లను ఆపి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన సుత్తి కింద పెట్టి అన్నాడు:

"ఇప్పుడా బడేసా చెప్పేది? ఆయప్ప మొత్తుకుంటుంటే మా చేత నవ్విస్తివి కదప్పా."

ఓబులేసు గుడిసె ఖాళీగా ఉంది. కాలికి కట్టుతోనే భార్యనీ బిడ్డల్నీ తీసుకుని ఏదో రాళ్ల లారీ ఎక్కి వెళ్లిపోయాడట. ఏ ఊరికో ఎవరూ అడగలేదు.

బడేసా తిరిగొచ్చి తాత ముందు నిలబడ్డాడు.

"ఆయప్ప లేడు తాతా. ఇంక ఎవరికి చెప్పేది?"

తాత కంబళి సర్దుకున్నాడు.

"చెప్తానే ఉండు. ఆయప్ప యాడుంటే ఆడికి పోవల్ల ఆ మాట."

బడేసా బతికినంతకాలం చెప్పాడు. కొక్కెం చేయించుకోవడానికి వచ్చిన వాళ్లకీ, దున్నే మడక బాగు చేయించుకోవడానికి వచ్చిన వాళ్లకీ. "నీ సోది ఆపి పని చెయ్యి సామీ" అని విసుక్కున్నవాళ్లకీ చెప్పాడట. నాన్న విన్నది అతని వెల్డింగు కొట్లోనే, అతని నోటినుంచే.

ఆ మాట ఓబులేసుకు చేరిందో లేదో నాన్నకు తెలియదు. నాకూ తెలియదు. చేరిందని చెప్పి మిమ్మల్ని నిద్రపుచ్చడం నా చేత కాదు.

మీరు కూడా చెప్పండి. మీ స్నేహితులకు మన భాష రాకపోతే వాళ్ల భాషలోనే చెప్పండి. తాత పేరు మరిచిపోయినా పరవాలేదు, కొక్కెం ఎలా ఉండేదో సరిగ్గా చెప్పలేకపోయినా పరవాలేదు. ఓబులేసు పేరు మాత్రం మార్చకండి. ఆ పొద్దు అతను తాగలేదు.