బల్లి లేని కొట్టు

అనగనగా, మీ ముత్తాతలకు ముత్తాతలు కూడా పుట్టని కాలంలో, ఒక రాజుగారికి కడవలు కావలసి వచ్చాయి. ఒకటా, రెండా? అయిదువేలు! దండు మూడు రోజులపాటు చుక్క నీరు దొరకని బీడు దాటాలి మరి.

పని గవరయ్యకు దక్కింది. వందమంది కుమ్మరుల మీద పెద్ద. మీసం పొడుగు, ఓపిక పొట్టి.

మట్టి తొక్కే ముసలి సూరాలమ్మ గుంట దగ్గరే ఆగిపోయింది.

"అయ్యా, ఈ చెరువు మట్టినిండా నత్తగుల్లల నలుసులే. జల్లెడ పట్టనియ్యండి. నా కొడుకు ఆ దండులోనే నడుస్తాడు."

"అయిదువేల కడవల మట్టికి జల్లెడా? చాల్లే పో! కాల్చాక మోగించి చూస్తాం" అని గవరయ్య కసిరాడు.

కాల్చారు. ఒక్కొక్కటీ వేలితో కొట్టి చూశారు. అన్నీ ఖంగుమన్నాయి. కొత్తగా కట్టిన రాతికొట్టులో వరసలుగా పేర్చారు.

మొదటి రోజు గవరయ్య కొట్టులో నిలబడి, "నా కడవకు వంక లేదు" అన్నాడు.

టిక్.

బల్లి పలికితే ఆ మాట నిజమని కదా మన నమ్మకం. గవరయ్య గోడ మీద వేలితో కొట్టి, "సత్యం, సత్యం" అన్నాడు.

రెండో రోజు చెమ్మగాలి వీచింది. "దండు నా పేరు చెప్పుకుని తాగుతుంది" అన్నాడు.

టిక్. టిక్.

"సత్యం!"

మూడో రోజు మిట్టమధ్యాహ్నం సేనాపతి బండ్లతో వచ్చాడు. గవరయ్య నోరు తెరవకముందే టిక్, టిక్, టిక్. ఆ మూల, ఈ మూల, కాళ్ళ దగ్గర.

"విన్నారా దొరా? బల్లులే సాక్ష్యం!"

గడపలోంచి సూరాలమ్మ అడిగింది: "ఏదీ, ఒక్క బల్లిని చూపించమనండి బాబూ."

అందరూ తలలెత్తారు. దూలాల మీద ఏమీ లేదు. గోడల మీద ఏమీ లేదు. 

టిక్.

ఒక కడవ పొట్ట మీద పెచ్చు రాలింది. లోపల తెల్లటి చుక్క, కన్ను తెరిచినట్టు. పక్కదానికీ ఒక కన్ను. దాని పక్కదానికీ. వరస వెంట వరస తెల్లకళ్ళు తెరుచుకుని గవరయ్యనే చూశాయి.

"దయ్యాలు!" అని బండివాడు బయటికి పరిగెత్తాడు.

"దయ్యం కాదు నాయనా, సున్నం," అంది సూరాలమ్మ. "గుల్ల కాలితే సున్నమవుతుంది. చెమ్మ తగిలితే ఉబ్బి కడవను చీలుస్తుంది. ఇదే బీడు నడుమ జరిగితే నా కొడుకు ఏం తాగేవాడు?"

సేనాపతి దండును నెల ఆపాడు. జల్లెడ ఆమె చేతికిచ్చాడు. ఆమె జల్లించిన మట్టిని గవరయ్యే తొక్కాడు, మోకాళ్ళ లోతున. ఆమె ఒక్కనాడూ "ఇక చాలు" అనలేదు. ఎందుకనాలి?

కొత్త కడవలను నీళ్ళు నింపి మూడు రోజులు ఉంచారు. గవరయ్య తలుపుకు చెవి ఆనించి కూర్చున్నాడు. చప్పుడు లేదు. దండు బీడు దాటింది. సూరాలమ్మ కొడుకు ఇంటికొచ్చాడు.

ఆ తర్వాత ఎక్కడ బల్లి పలికినా గవరయ్య "సత్యం" అనలేదు. లేచి వెళ్ళి మట్టి చూసుకుని వచ్చేవాడు.

తప్పును కడవలో వెతికేవాడికి పెంకులే మిగులుతాయి. మట్టిలోనే ఏరేసినవాడికి నీళ్ళు నిలుస్తాయి.